మా అన్న పేరు రేడియోలో చదివిన రోజు

హైదరాబాదు రేడియో స్టేషను నుంచి కార్డు వచ్చింది. తప్పిపోయిన వారి ప్రకటనల్లో మా అన్న పాండురంగం పేరు ఫిబ్రవరి పద్నాలుగో తేదీ బుధవారం చదువుతారని అందులో ఉంది. ఏ పూట, ఎన్ని గంటలకు అన్నది లేదు. అందుకని ఆ రోజు పొద్దున రేడియో గొంతు విప్పిన దగ్గర్నుంచి మేము దాని ముందు కూర్చోవలసి వచ్చింది.

మేము అంటే నేనూ, మా వదిన విజయలక్ష్మీ. మాది వరంగల్ బీటుబజారులో గోనె సంచుల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. పాత సంచులు కొంటాం, చిరుగులు కుట్టిస్తాం, మిర్చి పండించే రైతులకు అమ్ముతాం. దుకాణం పెట్టింది అన్న. నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్ద. నాకు అక్షరం నేర్పింది, సంచిని వెలుతురుకు పట్టి దాని ఆయుష్షు చెప్పడం నేర్పింది ఆయనే.

రెండేళ్లుగా ఆయనకు మతి నిలవడం లేదు. మొదట మొహాలు మరిచాడు, తర్వాత వీధులు మరిచాడు, కడకు తన పేరే మరిచాడు. పాండురంగం అని పిలిస్తే వెనక ఎవరో ఉన్నారనుకొని తిరిగి చూసేవాడు, కొన్నాళ్లకు అదీ మానేశాడు. కోపం లేదు, గొడవ లేదు. ఎవరు చెయ్యి పట్టుకుంటే వారి వెంట నడిచేవాడు. సంచులు లెక్కపెట్టడం ఒక్కటే మిగిలింది. వంద దాకా పోయి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. బజారులో ఎవరైనా అడిగితే ఒంట్లో బాగుండదని చెప్పి ఊరుకునేవాళ్లం.

ఫిబ్రవరి మూడో తేదీన పొద్దున్నే కండువా వేసుకొని గూడ్సు షెడ్డుకు పోతున్నానన్నాడు. నలభై ఏళ్లు రోజూ పోయిన దారి అది. వదిన పూజలో ఉంది. నేను ఒక తొర్రూరు రైతుతో బేరంలో ఉన్నాను. షెడ్డు దగ్గర మా హమాలీ మొగిలయ్య ఉంటాడు, పట్టుకొస్తాడులే అనుకున్నాను. మొగిలయ్య ఆ పూట జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. ఆ సంగతి నాకు సాయంత్రం తెలిసింది.

మర్నాడు పోలీసు స్టేషనుకు పోయాను. రేడియోలో చెప్పించడానికి జమేదారు దరఖాస్తు రాశాడు. పేరు, వయసు, ఎత్తు, బట్టలు, గుర్తులు అన్నీ చెప్పాను.

"మతి సక్కగనే ఉన్నదా సేటు? మరుపు గిట్ల ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు.

"మంచిగనే ఉన్నది."

"మరెందుకు పోయిండు?"

"ఇంట్ల జర మాటా మాటా అయింది. అలిగి పోయిండు," అన్నాను.

"ముసలోళ్ల అలుకలు గిట్లనే ఉంటయ్," అంటూ రాసుకున్నాడు.

ఎందుకలా చెప్పానో దాచను. పోయిన శ్రావణంలో అన్నను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయి దుకాణమూ, వెనక ఇల్లూ నా పేర రాయించుకున్నాను. ఆయనకు పిల్లలు లేరు. ఎలాగూ నాకు రావలసిందే కదా, ఆలస్యం చేస్తే చిక్కులు వస్తాయి కదా అనుకున్నాను. అన్న సంతకం చక్కగా పెట్టాడు. పెట్టి తల ఎత్తి, "ఎన్ని కట్టలు దిగినయ్?" అని అడిగాడు. "నూటిరవై," అన్నాను. తృప్తిగా తల ఊపాడు. ఈ కాగితం సంగతి వదినకు తెలియదు. వదిన తమ్ముడు హనుమకొండ కోర్టులో గుమాస్తా. రెండేళ్లుగా మతిలేని మనిషి అని రాష్ట్రమంతా వినేట్టు రేడియోలో చెప్పిస్తే, ఆరు నెలల కింద ఆ మనిషి పెట్టిన సంతకానికి విలువేమిటని అడగడానికి ఆయనకు పెద్ద చదువు అక్కర్లేదు.

మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. చిరుగున్న సంచిని చిరుగు లోపలికి వచ్చేట్టు మడిచి కట్టలో పెడతాం. కొనేవాడు విప్పి చూసుకోవాలి, అమ్మేవాడు చెప్పనక్కర్లేదు. దాన్ని మోసమని బజారులో ఎవరూ అనరు. జమేదారు ముందు నేను చేసింది అదే. అన్న దొరికే అవకాశం రూపాయిలో పావలా అనుకున్నాను. ఆ ఒక్క ముక్క చెప్పకపోతే ఎంత తగ్గుతుంది? ఒక అణా. ఎత్తు ఉంది, రంగు ఉంది, బొటనవేలి చీలిన గోరు ఉంది. అణాకు ఇల్లూ దుకాణమూ నిలబడతాయి. బేరం గిట్టుబాటే అనిపించింది.

ఇంటికి రాగానే వదిన అడిగింది. "పేరు వెట్టి పిలిస్తె పలుకడని రాయించినవా రాజం?"

"రాయించిన," అన్నాను. ఆమెకు చదువు రాదు.

బుధవారం పొద్దున ఐదున్నరకే ఆమె స్నానం చేసి వచ్చి దుకాణంలో రేడియో ముందు కూర్చుంది. దసరాకు కత్తెరకూ త్రాసుకూ పెట్టినట్టు దానికి బొట్టు పెట్టింది. మొదట భక్తిపాటలు వచ్చాయి. ఆ తర్వాత సంస్కృతంలో వార్తలు. ఆ ఐదు నిమిషాలైనా లోపలికి పోయి చాయ్ తాగి రమ్మన్నాను.

"ఏ భాషల చెప్పినా పాండురంగం పాండురంగమే గద," అన్నది, కదలలేదు.

ప్రాంతీయ వార్తలు అయిపోయాయి. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు అయిపోయాయి. ఎవరో డాక్టరు దంతాల గురించి మాట్లాడాడు. ఒకాయన వీణ వాయించాడు, వీణ ఆగిన ప్రతిసారీ వదిన ముందుకు వంగేది. ఎనిమిది గంటలకు మొగిలయ్య వచ్చాడు. సంచులు కుట్టే యాకమ్మ దబ్బనం, సుతిలీ దారం తీసుకొని గుమ్మం పక్కన కూర్చుంది. ఇంగ్లీషు వార్తలు మొదలయ్యాయి.

"గీయన ఎవల్నో తిడుతున్నట్టున్నడు," అన్నది యాకమ్మ.

"నిన్నేనే. నిన్న కుట్టిన సంచి పిగిలిపోయిందట, ఢిల్లీ దాక తెలిసింది," అన్నాడు మొగిలయ్య.

"నువ్వు మోస్తె పిగులదా మరి. దాన్ని మోస్తానవో ఈడుస్తానవో నీకే తెల్వది."

"జర ఊకుండున్రి," అన్నది వదిన.

తొమ్మిదిన్నర దాటాక పొద్దుటి ప్రసారం ఆగిపోయింది. మళ్లీ పన్నెండుకు గాని మొదలు కాదని చెప్పి, ఇప్పుడైనా తినమన్నాను. రేడియోలోంచి ఉత్త బుసబుస వస్తూ ఉంది. వదిన దాన్ని ఆపనివ్వలేదు. "బంద్ వెట్టినోళ్లు జల్ది మొదలువెడ్తెనో?" అన్నది. నిర్మల, అంటే నా భార్య, అన్నం పళ్లెం అక్కడికే తెచ్చి పెట్టింది. అందులో సగం కాకి తిన్నది.

పన్నెండు తర్వాత స్త్రీల కార్యక్రమం. టమాటాలు చెడిపోకుండా ఎలా దాచాలో చెప్పారు, చంటిపిల్లలకు ఏ నెలలో ఏది పెట్టాలో చెప్పారు. పిల్లలు లేని మా వదిన అదంతా పరీక్ష రాసేదానిలా విన్నది. తర్వాత సినిమా పాటలు. తర్వాత బెస్తవారికి హెచ్చరిక, సముద్రంలోకి పోవద్దని.

"పోముర భాయ్, పోము," అని మొగిలయ్య రేడియోకు జవాబు చెప్పాడు. "వడ్డేపల్లి చెరువు దాటి సూసింది లేదు మేము."

వదిన కూడా చిన్నగా నవ్వింది. పదకొండు రోజుల్లో నేను చూసిన నవ్వు అదొక్కటే.

రెండు గంటలకు కరెంటు పోయింది. రేడియో మీది పచ్చ దీపం ఆరిపోగానే వదిన లేచింది. చెప్పులు లేకుండా, కొంగు సరిచేసుకోకుండా బజారులోకి నడిచింది. మూల మీద చాయ్ హోటల్లో సెల్లులతో నడిచే ట్రాన్సిస్టరు ఉంది. వ్యాపారుల ఇంటి ఆడమనిషి, నలభై ఏళ్లలో బజారులో కారణం లేకుండా నిలబడని మనిషి, హమాలీల మధ్య, ఎండలో, హోటలు బల్లకు చెయ్యి ఆనించి గంటసేపు నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను. వాళ్లు ఉర్దూ కార్యక్రమం పెట్టుకొని ఉన్నారు. మార్చమని ఆమె అడగలేదు. చెప్పేది అదే స్టేషను కదా అని దాన్నే విన్నది.

నా సంగతి వేరు. అన్న పేరు రావాలని ఆమె ఎంత కోరుకున్నదో, ఆమె నిద్రలో ఉన్నప్పుడో నీళ్లకు లేచినప్పుడో అది వచ్చిపోవాలని నేను అంత కోరుకున్నాను. మధ్యాహ్నం ప్రసారం అయిపోయేసరికి నాకు సగం ధైర్యం వచ్చింది.

సాయంత్రానికి కరెంటు వచ్చింది, దుకాణంలో రేడియో మళ్లీ మొదలైంది. పిల్లల కథ, లెక్కల పొడుపులు. ఆపైన రైతుల కార్యక్రమం. ఇద్దరు రైతులు మాట్లాడుకుంటున్నట్టు మిర్చికి వచ్చే తెగులు గురించి చెప్పారు. తర్వాత మార్కెట్ల ధరలు చదివారు. వరంగల్ మిర్చి ధర పెరిగింది. అంత ఆదుర్దాలో కూడా నా చెవి ఆ ధర దగ్గర ఆగింది, రేపు సంచులకు గిరాకీ ఉంటుందనుకున్నాను. అనుకుంటూ ఉండగానే వచ్చింది.

"తప్పిపోయిన వారి గురించి ప్రకటన. వరంగల్ పట్టణం, బీటుబజారుకు చెందిన పాండురంగం, వయసు అరవై రెండు సంవత్సరాలు, చామనఛాయ, ఐదడుగుల ఐదంగుళాల ఎత్తు. తెల్ల ధోవతి, గళ్ల కండువా ధరించి ఉన్నారు. ఎడమచేతి బొటనవేలి గోరు చీలి ఉంటుంది. తెలుగు, హిందీ మాట్లాడగలరు. కుటుంబ సభ్యులపై అలిగి ఈ నెల మూడో తేదీన ఇల్లు విడిచి వెళ్లారు. ఆచూకీ తెలిసినవారు దగ్గరలోని పోలీసు స్టేషనులో తెలియజేయగలరు."

తర్వాత వేరే జిల్లాలో తప్పిపోయిన పిల్ల గురించి చదివారు. ఆ తర్వాత పిల్లనగ్రోవి. మా అన్నకు అర నిమిషం పట్టింది.

అప్పటికి దుకాణం ముందు పది పన్నెండు మంది పోగయ్యారు. "పేరు మంచిగ సదివిండు సేటు," అన్నాడు మొగిలయ్య. ఇంకేమీ తోచక అన్నాడు.

వదిన రేడియో వైపే చూస్తూ ఉంది. "ఎవల మీద అలిగిండు రాజం?"

నేను రేడియో గొంతు తగ్గించాను.

"నలభై మూడేండ్ల కాపురంల ఒక్కనాడు విస్తరి ముందటికెల్లి లేవలేదు. నా మీద అలిగిండా?"

"పోలీసోళ్లు వాళ్ల తీరుగ రాసుకుంటరు వదినా."

"మరి పిలిస్తె పలుకడన్నది?"

"టైము సరిపోక తీసేసిన్రేమో."

యాకమ్మ దబ్బనం సంచిలో గుచ్చి వదిలేసింది. "అలిగి పోయెటోడు గూడ్సు షెడ్డుకు పోతాన అని చెప్పి పోతడా," అన్నది, ఎవరితోనూ కాదు. జనం ఒక్కొక్కరే కదిలారు. పాండురంగం సేటు ఇంట్లో పొసగక పోయాడట అన్న మాట చీకటి పడేలోగా బజారు ఆ చివరికి చేరింది. దాన్ని నేనే రాష్ట్రమంతా చాటించాను.

మర్నాడు పది గంటలకు ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు. పేరు రాయమల్లు. డోర్నకల్ స్టేషనులో గూడ్సు షెడ్డు కలాసి. పొద్దుటి బండికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ సేటుకు సంచులు లెక్కవెట్టె అలవాటున్నదా?" అని అడిగాడు.

వదిన లోపలి నుంచి వచ్చి గడప పట్టుకొని నిలబడింది. "ఉన్నది బిడ్డా."

"అయితె ఆయనేనమ్మ. వారం రోజులు మా షెడ్డుకాడనే ఉన్నడు. మేము బస్తాలు దించుతాంటె పక్కకు నిలవడి లెక్కవెడ్తాండు. వంద అయినంక మల్ల ఒకటికాడికి వస్తడు. మాకదొక నవ్వులాట. కాకా, ఎన్నయినయే అంటె ఎప్పుడైనా ఒక్కటే మాట, నూటిరవై అంటడు. తలా ఇంత పెట్టినం. పెట్టింది తిన్నడు."

నూటిరవై అన్న మాట విని నేను గల్లాపెట్టె మీద చెయ్యి వేసుకున్నాను. ఆ అంకె ఎక్కడిదో ఆ దుకాణంలో నాకొక్కడికే తెలుసు.

"ఇప్పుడు ఏడున్నడు?" అన్నది వదిన.

రాయమల్లు తల వంచుకున్నాడు. "నిన్న పొద్దుగూకంగ హోటల్ల రేడియో చెప్తాంటె గాయన నా ముంగట బెంచి మీదనే ఉన్నడు. నాకు అనుమానమొచ్చింది. పాండురంగం సేటూ అని రెండుసార్లు పిలిచిన. తిరిగి సూడలే. అలిగి పోయిండని చెప్పిన్రు గదమ్మ. అలిగినోడైతె పేరు వింటె ఉలికిపడ్తడు, లేదంటె లేచి పోతడు. ఈయనేమో బన్ను చాయ్‌ల ముంచుకుంట తింటాండు, నన్ను సూసి నవ్వుతాండు. ఈయన కాదు, ఎవలో పిచ్చాయన అనుకున్న."

"మల్ల?"

"ఏడున్నరకు బెజవాడ దిక్కు ప్యాసింజర్ వచ్చింది. జనం ఎక్కుతాంటె వాళ్ల ఎంబడి ఎక్కిండు. నేను సూసిన. సూసి ఊకున్న. ఇంటికి పోయి చేతులు కడుక్కుంటాంటె ఆయన గోరు యాదికొచ్చింది. గ్లాసు అందిచ్చేటప్పుడు సూసిన, రెండు చీలికలున్నది. అప్పుడు ఉరికొచ్చిన. బండి ఎప్పుడో పోయింది."

రోడ్డు మీద ఎడ్లబండి ఒకటి ఇరుసు కీచుమంటూ పోయింది.

"పేరు వెట్టి పిలిస్తె పలుకడు, మతి లేదు అని రేడియోల చెప్పి ఉంటె?" అని అడిగింది వదిన. గొంతు పెంచలేదు.

"చెప్పి ఉంటె ఇడుస్తనా అమ్మ. చెయ్యి పట్టుకొని ఇప్పుడు ఈ బండికే మీ ఇంటికి తెద్దును. ఎవలు పట్టుకుంటె వాళ్ల ఎంబడి వస్తడు గద గాయన."

వదిన నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి, రెండు మూడు సాకులు సిద్ధంగా ఉన్నాయి. ఆమె రాయమల్లుకు అన్నం పెట్టడానికి లోపలికి పోయింది.

నేను ఆ మధ్యాహ్నమే అతని వెంట డోర్నకల్ పోయాను. అక్కడి నుంచి బెజవాడ దాకా ఆ ప్యాసింజరు ఆగే ప్రతి స్టేషనులో దిగాను. టిక్కెట్టు కలెక్టర్లను అడిగాను, అరటిపళ్లు అమ్మేవాళ్లను అడిగాను, గూడ్సు షెడ్లలో హమాలీలను అడిగాను. సంచులు లెక్కపెట్టే ముసలాయన కనిపించాడా అని అడిగితే కొందరు నవ్వారు, ఒకరిద్దరు జాలిపడ్డారు. మధిరలో చూశామన్నారు, పోయి చూస్తే వేరే మనిషి, ఒక చెయ్యి లేదు. ఐదో రోజు బెజవాడ ప్లాట్‌ఫాం మీద నిలబడి లెక్క వేశాను. మద్రాసు వైపు, కలకత్తా వైపు, గుంటూరు వైపు, బందరు వైపు బండ్లు. ఒక్కో వైపుకు రోజుకు ఎన్ని బండ్లో, ఒక్కో బండి ఎన్ని చోట్ల ఆగుతుందో, ఐదు రోజులకు అది ఎంతవుతుందో. పావలా అనుకున్నది అణా తగ్గలేదు. పావలాకు పావలా పోయింది. బుధవారం సాయంత్రం డోర్నకల్ హోటల్లో, రాయమల్లు చేతికి అందేంత దూరంలో, అది రూపాయికి రూపాయిగా ఉంది. ఇంత చెడ్డ బేరం నా జన్మలో చేయలేదు.

తిరిగి వచ్చేసరికి వదిన దుకాణంలో నా గద్దె మీద కూర్చుని ఉంది. ఎప్పుడూ అక్కడ కూర్చోదు. ఎదురుగా తెల్ల కాగితం, కలం పెట్టుకొని ఉంది. అన్న దొరికాడా అని అడగలేదు. నేను ఒక్కణ్ణే రావడం చూసి తెలుసుకుంది.

"నేను పోలీసు స్టేషనుకు పోయిన," అన్నది. "జమేదారు దరఖాస్తు సదివి ఇనిపిచ్చిండు. నువ్వు చెప్పిందే రాసిన అన్నడు."

నేను చెప్పులు విడిచి కింద కూర్చున్నాను.

"మతి మంచిగనే ఉన్నదని చెప్పినవట."

"అవ్."

"నీకేం కలిసొచ్చింది రాజం?"

జవాబు ఆమె వెనక ఇనప్పెట్టెలో, గుడ్డలో చుట్టి ఉంది. చెప్పలేదు. ఆమె కొంచెంసేపు చూసి, అడగడం మానేసింది.

"మల్ల రాయి. నేను చెప్త," అన్నది.

రాశాను. రెండేళ్ల నుంచి మతి లేదు అని చెప్పింది, రాశాను. పేరు పెట్టి పిలిస్తే పలకడు, చెయ్యి పట్టుకుంటే వస్తాడు, సంచులు కనిపిస్తే లెక్కపెడతాడు, ఎవరి మీదా అలగలేదు. అన్నీ రాశాను. బట్టల దగ్గర ఆగి, తెల్ల ధోవతి అని రాయనా అన్నాను.

"తెల్లగ ఏడున్నది. ఆనాడు అన్నం తినుకుంట రాయమల్లు ఏం చెప్పిండు? మట్టి రంగుకు వచ్చింది అన్నడు. కండువ లేదన్నడు. ఉన్నది ఉన్నట్టు రాయి."

రాసి ఆమెకు ఇచ్చాను. చదివి వినిపించబోతే వద్దంది. కాగితం పట్టుకొని బయటికి పోయింది. చదివించుకోవడానికి పోస్టాఫీసు ముందు ఉత్తరాలు రాసేవాడి దగ్గరికి పోయిందని మొగిలయ్య చెప్పాడు. అరగంటకు తిరిగి వచ్చింది.

"అన్నీ ఉన్నయట. సంతకం పెట్టు," అన్నది.

పెట్టాను. పోలీసు స్టేషనుకు మొగిలయ్యను తోడు పంపుతానన్నాను. అక్కర్లేదని కాగితం కొంగులో చుట్టుకొని ఒక్కతే నడిచిపోయింది.

ఆ ప్రకటన మార్చి నెలాఖరులో చదివారు. ఈసారి నిమిషం పైనే పట్టింది. హనుమకొండ నుంచి వదిన తమ్ముడు కూడా వచ్చి విన్నాడు, విని నా మొహం వైపు చూశాడు. దుకాణం కాగితం సంగతి బయటపడితే కోర్టుకు పోవచ్చు, పోకపోవచ్చు. ఏప్రిల్ గడిచింది, మే గడిచింది. ఏ ఊరి నుంచీ ఎవరూ రాలేదు.